మేకు

గాలివాన పోయి తొమ్మిదో రోజు.
పర్లాకిమిడి రోడ్డంతా ఇంకా పచ్చిమాను వాసన.
మా రంపం పేళ్ళు రాల్చడం మానేసి
పసుపులా మెత్తటి పొడి రాల్చడం మొదలెట్టింది.
పొడి రాలిందంటే పదును పోయినట్టే,
చెట్టుని కొయ్యడం లేదు, గోకుతున్నాం.

మంగులుది ఎడంచేతి వాటం.
ఆకురాయితో వాడు పట్టే సాన
ఒకవైపు పళ్ళకి ఎక్కువ, ఒకవైపు తక్కువ.
నిలువుగా దింపిన కోత సగంలోనే పక్కకి తిరిగి
దుంగ నెలవంకలా వచ్చేది.
"రంపానికి మెడ పట్టేసింది మావా" అనేవాడు.

గ్రైండరు కొంటానని ఇంట్లో చెప్పాను.
సూరీడమ్మ ముఖం వెలిగింది.
ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది పాపం,
రోటి ముందు కూర్చుని, పొత్రం తిప్పుకుంటూ.
"కరెంటే లేదు కదా, ఇప్పుడేటి తొందర?" అంది మళ్ళీ తనే.
"మినపప్పుకి కాదే, గొలుసుకి."
పొత్రం ఆగలేదు.
కాస్త గట్టిగా తిరిగింది, అంతే.

బనమాలి సాహు మూడు పెట్టాడు బల్లమీద.
ఒడియాలో ధర చెప్పాడు, తెలుగులో తగ్గించాడు,
హిందీలో ఒట్టు వేశాడు.

ఒకటి అరచేతిలో పట్టేది.
ఆటో బ్యాటరీకి తగిలిస్తే కందిరీగలా అరుస్తుంది.
కొండమీదికి మోసుకుపోవచ్చు.
కానీ కోణం నా మణికట్టుదే,
మధ్యాహ్నం దాటాక
దాని మాటకి నిలకడ ఉండదు.

రెండోది నీలిరంగుది, చూడ్డానికి పెళ్ళికొడుకు.
చెయ్యి పట్టుకుని ఊపి చూశాను.
నువ్వుగింజంత కదిలింది.
నువ్వుగింజంత చాలు.

మూడోది పోత ఇనుము.
గొలుసుని కరిచిన దవడ ఎంత లాగినా వదల్లేదు.
ముప్పై డిగ్రీల గీత ఇనుములోనే అచ్చుపోసి ఉంది,
అంటించిన కాగితం కాదు.
ధర మాత్రం రెండోదానికి మూడింతలు.

జేబులోంచి పాత గొలుసు తీసి
ఒక్క పన్ను ఆనించి చూపించమన్నాను.
కొట్టు కుర్రాడు జనరేటరు వేసి
తన బలమంతా చూపించాడు.
పన్ను అంచు నీలం తేలింది.
"అలా నొక్కితే ఉక్కు సచ్చిపోద్ది నాయనా,
ఇంక ఆకురాయి కూడా దానిమీద జారిపోద్ది."
నిద్రపోతున్న పసిపిల్లకి జ్వరం చూస్తామే,
అలా ముట్టాలి, తియ్యాలి.
ముట్టాలి, తియ్యాలి.

మూడోదే తెచ్చాను.
గుమ్మ బస్సులో దానికీ టిక్కెట్టు కొట్టాడు కండక్టరు.
షామియానాల లచ్చుమయ్య
పెళ్ళిళ్ళు లేక పడున్న జనరేటరు అద్దెకిచ్చాడు.

ముప్పై ఆరు పళ్ళు.
పద్దెనిమిది ఇటు చూసేవి, పద్దెనిమిది అటు.
అందులో ఒకటి సగానికి అరిగింది, మేకు తగిలి.
మిగతా ముప్పై ఐదూ ఎంత బాగున్నా
దాని పొడవుకి దిగి రావాల్సిందే,
లేకపోతే రంపం సూటిగా నడవదు.
రెండు గంటలు పట్టింది.
మంచి ఉక్కుని నా చేత్తో నేనే పొడి చేసుకున్నాను.

ఆ మేకుని మంగులు దాచాడు.
పనసమాను నడుంలోంచి పీకి తెచ్చాడట.
చివర రేకు ముక్క వేలాడుతోంది,
దానిమీద ఎర్రరంగులో నాలుగు అంకెలు.
గుర్తుపట్టాను.
నా ఫోను నంబరులో చివరివి.
రెండేళ్ళ కిందట నేనే కొట్టాను ఆ బోర్డు:
ఇచ్చట రంపములకు సాన పట్టబడును.

వాడు నవ్వలేదు.
అదే ఎక్కువ గుచ్చుకుంది.

కొత్త బోర్డు రాయించాను మొన్న.
చింతచెట్టుకి తాడుతో కట్టాను.
సూరీడమ్మ నడుంమీద చెయ్యేసుకుని చదివి
"గ్రైండరు అని రాయించావేటి,
పిండి కోసం వస్తారు జనం" అంది.

సాయంత్రం ఇద్దరు వచ్చారు,
నానేసిన మినపప్పు గిన్నెలతో.